ఎవరినీ నొప్పించని జెండా

ఒక దేశపు జెండాని ఎవరూ ప్రేమించకపోయినా ఫర్వాలేదు, ఎవరూ ద్వేషించకుండా ఉంటే చాలు అనుకుని తయారు చేయొచ్చా? అలా తయారు చేస్తే అది జెండా అవుతుందా, లేక ఆఫీసు బోర్డు లాంటిదేనా? ఈ ప్రశ్న వినడానికి తీరికవేళ కాలక్షేపంలా ఉంటుంది కానీ, 1998లో బోస్నియా-హెర్జెగొవీనా అనే చిన్న దేశంలో కొంతమంది కూర్చుని నిజంగానే జవాబు చెప్పాల్సి వచ్చింది. వాళ్ళు చెప్పిన జవాబు ఇప్పటికీ గాలిలో ఎగురుతోంది.

నీలం గుడ్డ. దాని మీద పసుపుపచ్చని లంబకోణ త్రిభుజం. త్రిభుజం ఏటవాలు అంచు వెంబడి పైనుంచి కిందకి తెల్లని నక్షత్రాల వరస. వాటిలో ఏడు పూర్తిగా ఉంటాయి. పైన ఒకటి, కింద ఒకటి సగానికి తెగి ఉంటాయి. అంటే ఆ వరస గుడ్డతో ఆగిపోలేదు, ఇంకా సాగుతోందని అనుకోవాలన్న మాట. త్రిభుజం ఆ దేశపు పటాన్ని కొంచెం పోలి ఉంటుంది. దాని మూడు మూలలు అక్కడి మూడు జాతులు: బోస్నియాక్‌లు, సెర్బులు, క్రొయేట్లు. నీలమూ నక్షత్రాలూ యూరప్‌ కోసం. నెత్తుటి ఎరుపు లేదు, శిలువ లేదు, నెలవంక లేదు, గద్ద లేదు, కత్తి లేదు. చూసినవాళ్ళు చాలామంది ఏదో బ్యాంకు గుర్తులా ఉందన్నారు. నాకూ మొదట అలానే అనిపించింది. ఇప్పుడు కూడా అందంగా ఉందని అనలేను.

ఇది ఎలా వచ్చిందో చెప్పాలి. 1992 నుంచి 1995 దాకా అక్కడ యుద్ధం జరిగింది. లక్షమంది దాకా చచ్చిపోయారు. 1995 చివర్లో అమెరికాలోని డేటన్‌లో కుదిరిన ఒప్పందంతో తుపాకులు ఆగాయి. ఆ ఒప్పందానికి అనుబంధంగానే దేశానికి రాజ్యాంగం రాశారు. దేశపు చిహ్నాలను పార్లమెంటు నిర్ణయించాలి, అధ్యక్షమండలి ఆమోదించాలి అని అందులో ఒక వాక్యం ఉంది. రాసినవాళ్ళకి అది చిన్న వాక్యమే అయుండాలి. రెండేళ్ళు గడిచినా పార్లమెంటు ఏమీ తేల్చలేకపోయింది. మూడు జాతుల ప్రతినిధులు ఒకే గదిలో కూర్చోవడమే గొప్ప. జెండా మీద ఒప్పుకోవడమంటే, ఈ దేశం ఉందని ఒప్పుకోవడం. ఆ గదిలో ఉన్న అందరికీ దేశం ఉండాలనే లేదు.

ఒప్పందం అమలును చూడ్డానికి అంతర్జాతీయ సమాజం నియమించిన ఉన్నత ప్రతినిధి అనే అధికారి ఒకాయన ఉంటాడు. అప్పట్లో ఆ పదవిలో ఉన్నది కార్లోస్ వెస్టెన్‌డార్ప్ అనే స్పెయిన్ దౌత్యవేత్త. 1997 డిసెంబరులో జర్మనీలోని బాన్‌లో జరిగిన సమావేశంలో ఆ పదవికి మరిన్ని అధికారాలు వచ్చాయి. స్థానిక నాయకులు తేల్చలేనివి ఆయనే తేల్చి చట్టం చేసేయొచ్చు. ఒక కమిషన్ వేసి నమూనాలు తయారు చేయించాడు. పార్లమెంటు వాటిలో దేనికీ ఆమోదం తెలపలేదు. జపాన్‌లోని నగానోలో శీతాకాల ఒలింపిక్స్ ఫిబ్రవరి 7న మొదలవుతున్నాయి. ఆటగాళ్ళు ఏ జెండా వెనక నడవాలో తెలియదు. ఫిబ్రవరి 4న, అంటే మూడు రోజుల ముందు, వెస్టెన్‌డార్ప్ తన అధికారంతో మ్లాదెన్ కొలొబారిచ్ వేసిన నమూనాని దేశపు జెండాగా ప్రకటించాడు. సొంత పార్లమెంటు ఒప్పుకోని జెండాని, బయటి దేశపు అధికారి సంతకంతో, ఆటల పోటీకి అందేలా ఒక దేశానికి ఇచ్చారు.

ఇక్కడ చాలామంది ఆగిపోయి, చూశారా, పరాయివాడు అంటగట్టిన జెండా, ఇది ఎలా నిలుస్తుంది అంటారు. ఈ వాదన నాకు అంత బలంగా అనిపించదు. ప్రజలంతా కూర్చుని ఓటేసి ఎంచుకున్న జెండాలు ప్రపంచంలో ఎన్ని ఉంటాయి? రాజులు పెట్టినవి, సైన్యాలు పెట్టినవి, ఐదారుగురు సభ్యుల కమిటీలు పెట్టినవే ఎక్కువ. జపాన్ రాజ్యాంగం అమెరికన్ ఆక్రమణ అధికారుల చేతుల్లో పుట్టింది. అయినా ఆ దేశపు జనం దాన్ని తమదిగా చేసుకున్నారు. ఎవరి చేతిలో పుట్టిందన్నది మొదటిరోజు ప్రశ్న. ఇరవై ఏళ్ళ తర్వాత అడగాల్సింది వేరే.

నన్ను వదలకుండా పట్టుకున్నది ఈ జెండా కన్నా ముందున్న జెండా.

1992లో స్వతంత్రమైనప్పుడు బోస్నియా ఒక తెల్లజెండా ఎంచుకుంది. మధ్యలో నీలం డాలు, దాని మీద ఆరు బంగారు లిల్లీ పువ్వులు. అవి మధ్యయుగంలో బోస్నియాని ఏలిన కొత్రొమానిచ్ వంశపు చిహ్నం. ఆ వంశంలోని త్వర్త్‌కో 1377లో రాజుగా పట్టాభిషేకం చేసుకున్నాడు. ఆటమన్ తురుష్కులు 1463లో ఆ రాజ్యాన్ని గెలుచుకోవడానికి ముందటి కాలం అది. అంటే అప్పటికి అక్కడ ఇస్లాం లేదు. ఈనాటి అర్థంలో బోస్నియాక్, సెర్బు, క్రొయేట్ అన్న పేర్లూ లేవు. ఆ రాజులు క్రైస్తవులు. ఎక్కువగా ముస్లిములున్న సమూహపు నాయకత్వం ఒక క్రైస్తవ రాజవంశపు పువ్వుని తెచ్చి జెండా మీద పెట్టింది. ఎందుకంటే అది ఎవరిదీ కాదు, అందరిదీ కావచ్చు. అదీ ఒక రకంగా ఎవరినీ నొప్పించకూడదన్న ప్రయత్నమే.

తర్వాత యుద్ధం వచ్చింది. అప్పటి ప్రభుత్వ సైన్యం ఆ పువ్వులనే భుజాల మీద కుట్టుకుంది. మూడున్నరేళ్ళ పైన ముట్టడిలో ఉన్న సరయేవో నగరంలో, నీళ్ళ కోసం వరసలో నిల్చుని గుళ్ళకి చచ్చిపోయిన జనానికి ఆ జెండా ఒక్కటే ఆసరా. అదే సమయంలో, ముట్టడి వేసినవాళ్ళకి ఆ జెండా శత్రువుది. మూడేళ్ళలో ఆరు పువ్వులు మతం మారాయి. ఆరువందల ఏళ్ళ కిందటి క్రైస్తవ రాజు చిహ్నాన్ని ఇప్పుడు బోస్నియాలో ఎవరు చూసినా ముస్లిం జెండా అంటారు. గుడ్డ మీద ఏమీ మారలేదు. దాని కింద ఎవరు చచ్చిపోయారన్నదే దాని అర్థాన్ని మార్చేసింది.

దీన్నిబట్టి నాకు తోచేదేమిటంటే, తటస్థత గుడ్డలో ఉండే గుణం కాదు. నీలం రంగు తటస్థం, లిల్లీ పువ్వు పక్షపాతం అని ఉండదు. లిల్లీకి చరిత్ర అంటుకుంది, ఆ నీలానికి ఇంకా అంటుకోలేదు, అంతే.

అయితే లిల్లీని ఎందుకు వదులుకోవాలి? ఈ వాదన చేసేవాళ్ళు బోస్నియాలో ఇప్పటికీ ఉన్నారు, వాళ్ళ మాట తేలిగ్గా తీసేసేది కాదు. సరయేవోని కాపాడిన సైన్యంలో యోవాన్ దివ్యాక్ అనే జనరల్ ఉండేవాడు. ఆయన సెర్బు జాతివాడు. కొండల మీదనుంచి నగరం మీద గుళ్ళు కురిపిస్తున్నవాళ్ళు తన జాతివాళ్ళే అయినా, ఆయన నగరంలోనే ఉండి, లిల్లీ జెండా కింద పోరాడాడు. ఆయన ఒక్కడే కాదు, సెర్బులూ క్రొయేట్లూ ఇంకా ఉన్నారు. వాళ్ళ దృష్టిలో ఆ జెండా ఒక జాతిది కాదు. అన్ని జాతులూ కలిసి బతికే దేశం కావాలన్నవాళ్ళది. ఇప్పుడు ఉన్నత ప్రతినిధి వచ్చి, ఆ జెండా ఒక పక్షానిది కాబట్టి పక్కన పెడుతున్నాం అన్నాడంటే, దివ్యాక్ చేసింది ఏమైనట్టు? ముట్టడి వేసినవాళ్ళు మొదట్నుంచీ చెప్తూ వచ్చిందీ అదే కదా, ఇది ముస్లిముల జెండా అని! మధ్యవర్తి ఆ మాటకి ముద్ర వేసినట్టు కాలేదూ? ఇల్లు తగలబెట్టినవాడికీ, ఇల్లు కాలినవాడికీ మధ్యలో సమాన దూరంలో కుర్చీ వేసుకుని కూర్చోవడం న్యాయమేనా?

1995 జూలైలో స్రెబ్రెనీత్సాలో ఎనిమిది వేలమందికి పైగా మగవాళ్ళనీ మగపిల్లలనీ సెర్బు సైన్యం చంపింది. ఇప్పటికీ ఏటా జూలై 11న, ఆ ఏడు గుర్తించగలిగిన ఎముకలను ఆకుపచ్చ గుడ్డ కప్పిన పెట్టెల్లో పెట్టి పొటోచారి శ్మశానంలో పూడుస్తారు. ఆ తల్లుల ముందు నిలబడి, మీ జెండా పాతజ్ఞాపకాలు రేపుతుంది కాబట్టి ఏ జ్ఞాపకమూ లేని ఈ త్రిభుజం తీసుకోండి అనడానికి ఎవరికైనా నోరు ఎలా వస్తుంది?

ఈ వాదన నన్ను చాలాకాలం పట్టి ఉంచింది. కానీ దీనికి ఎదురు నిలబడేది ఒకటుంది, దాని పేరు కజాని. సరయేవోకి ఆనుకుని ఉన్న ట్రెబెవిచ్ కొండ మీద ఒక లోతైన గొయ్యి అది. ముట్టడి రోజుల్లో, నగరాన్ని కాపాడుతున్న ఆ సైన్యంలోనే ఒక దళంవాళ్ళు నగరంలోని పౌరులను, ఎక్కువగా సెర్బులను, చంపి ఆ గోతిలో పడేశారు. సరయేవో వదిలి పారిపోకుండా, పొరుగువాళ్ళతోపాటు ముట్టడిని భరిస్తూ ఉండిపోయిన సెర్బులు వాళ్ళు. దీన్ని స్రెబ్రెనీత్సాతో తూచి సమానం అనడం అబద్ధం. కొలతలోనూ సమానం కాదు, ఉద్దేశంలోనూ కాదు. కానీ కజానిలో తండ్రిని పోగొట్టుకున్న కూతురికి ఈ తూకంతో పనిలేదు. ఆయన్ని తీసుకెళ్ళినవాళ్ళ భుజం మీద ఏ పువ్వులున్నాయో ఆమెకి గుర్తుంటుంది. ఆమె తన పాస్‌పోర్టు మీద, తన పిల్లల బడి మీద ఆ పువ్వుని చూడనంటే, ఆమె ముట్టడి వేసినవాళ్ళ పక్షం అయిపోతుందా?

అందుకే నేను ఈ నిర్ణయానికి వచ్చాను. లిల్లీ జెండాని గౌరవించమని అడగొచ్చు. కానీ అందరూ దాన్ని మొయ్యాలని అడగడానికి వీల్లేదు. చచ్చిపోయినవాళ్ళని గుర్తు పెట్టుకునే పని శ్మశానానిది, పాఠ్యపుస్తకానిది, కోర్టుది. దేశపు జెండా మీద ఆ పని పెడితే, బతికున్నవాళ్ళలో కొందరు రోజూ దాని కింద తలవంచుకుని నడవాల్సి వస్తుంది. ఎర్నెస్ట్ రెనాఁ 1882లో ఇచ్చిన ప్రసంగంలో, జాతి అన్నది ఏర్పడాలంటే ఉమ్మడి జ్ఞాపకాలతోపాటు ఉమ్మడి మరుపు కూడా కావాలన్నాడు. మరుపు అనడం నాకు ఇష్టం లేదు. మరవమని ఎవరికీ చెప్పలేం. గుర్తుంచుకునే చోటు వేరు, కలిసి నడిచే చోటు వేరు అని మాత్రం అనుకోవచ్చు.

జెండా కన్నా మేలైన ఉదాహరణ ఒకటి ఆ 1998లోనే ఉంది, దాని గురించి మాట్లాడేవాళ్ళు తక్కువ. కార్ల నంబరు ప్లేట్లు. యుద్ధం తర్వాత ఒక ప్రాంతపు కారు ఇంకో ప్రాంతంలోకి వెళ్ళాలంటే భయం. ప్లేటు చూడగానే వచ్చినవాడు ఏ పక్షమో తెలిసిపోయేది. రాళ్ళు పడొచ్చు, పోలీసులు ఆపొచ్చు, ఇంకేమైనా జరగొచ్చు. వెస్టెన్‌డార్ప్ ఆఫీసు కొత్త ప్లేట్లు తెచ్చింది. వాటి మీద ఊరి పేరు సూచించే అక్షరాలేవీ ఉండవు. ఉన్న అక్షరాలు కూడా ఏడే: ఎ, ఇ, జె, కె, ఎమ్, ఒ, టి. ఎందుకవే? సెర్బులు వాడే సిరిలిక్ లిపిలోనూ, మిగతావాళ్ళు వాడే లాటిన్ లిపిలోనూ ఒకే రూపం, ఒకే ఉచ్చారణ ఉన్న అక్షరాలు అవే. లాటిన్ పి అక్షరం సిరిలిక్‌లో ర అవుతుంది, హెచ్ న అవుతుంది, అందుకని వాటిని వదిలేశారు. ఆ ప్లేటుకి అందం లేదు, చరిత్ర లేదు, దాన్ని చూసి ఎవరి గుండే ఉప్పొంగదు. కానీ అది వచ్చాక జనం పాత సరిహద్దులు దాటి ప్రయాణం చేశారు. పోయిన ఇళ్ళు చూసుకోడానికి వెళ్ళారు, సమాధులు చూసుకోడానికి వెళ్ళారు, సరుకు అమ్ముకోడానికి వెళ్ళారు. ఎవరినీ నొప్పించకపోవడం అనేది ఎంత పెద్ద సేవ కాగలదో ఈ రేకుముక్కలు చూపిస్తాయి. తటస్థతని వెక్కిరించేవాళ్ళు ఆ రోజుల్లో పాత ప్లేటు పెట్టుకుని అటువైపు వెళ్ళి చూడాల్సింది.

మరి ప్లేటు చేయగలిగింది జెండా ఎందుకు చేయలేకపోయింది? దేశపు గీతం సంగతి చూడండి. బాన్యా లూకాకి చెందిన దుషాన్ షెస్తిచ్ కూర్చిన సంగీతం అది, 1999లో వచ్చింది. దానికి మాటల్లేవు. 2009లో ఒక కమిటీ మాటలు ఎంపిక చేసింది కానీ పార్లమెంటు ఆమోదించలేదు. (వెస్టెన్‌డార్ప్‌కి ఇది వింతగా అనిపించి ఉండదు. ఆయన దేశం స్పెయిన్ గీతానికీ మాటల్లేవు.) మాటలు లేని గీతంతో బతకొచ్చు. ప్లేటు మీద ఊరు పేరు లేకపోయినా బతకొచ్చు. ఇవి రెండూ ఏమీ చెప్పకుండా ఊరుకుంటాయి. జెండా అలా ఊరుకోలేదు. లెక్క పెట్టింది.

నాకు ఈ జెండాతో ఉన్న అసలు పేచీ ఇదే. అది పరాయివాడు ఇచ్చినందుకు కాదు, చప్పగా ఉన్నందుకు కాదు. త్రిభుజానికి మూడు మూలలే ఉంటాయి.

బోస్నియా రాజ్యాంగం బోస్నియాక్‌లు, క్రొయేట్లు, సెర్బులు అనే ముగ్గురిని రాజ్య నిర్మాతలైన జాతులుగా పేర్కొంటుంది. ఆ తర్వాత ఒక మాట ఉంటుంది: ఇతరులు. అధ్యక్షమండలిలో ముగ్గురు సభ్యులు. బోస్నియాక్‌నీ క్రొయేట్‌నీ ఫెడరేషన్ అనే భాగం నుంచి, సెర్బుని రిపబ్లిక స్ర్‌ప్స్క అనే భాగం నుంచి ఎన్నుకోవాలి. ఇతరులకి అక్కడ పోటీ చేసే హక్కే లేదు. దెర్వో సేయ్‌దిచ్ రోమా జాతివాడు. యాకొబ్ ఫిన్‌త్సీ యూదుడు, అక్కడి యూదు సమాజానికి పెద్ద, దేశానికి రాయబారిగా పనిచేసినవాడు. విదేశంలో ఆ దేశపు జెండా ముందు కూర్చోడానికి పనికొచ్చిన మనిషి, ఆ దేశపు అధ్యక్షమండలికి పోటీ చేయడానికి పనికిరాడు. ఇద్దరూ స్ట్రాస్‌బర్గ్‌లోని యూరప్ మానవహక్కుల కోర్టుకి వెళ్ళారు. 2009 డిసెంబరులో కోర్టు ఇది వివక్షేనని తీర్పిచ్చింది. స్రెబ్రెనీత్సాలో ఉంటున్న ఒక బోస్నియాక్ డాక్టరు కూడా తర్వాత అదే కోర్టుకి వెళ్ళాడు. ఆయన ఉండేది రిపబ్లిక స్ర్‌ప్స్క వైపు. అక్కడి నుంచి సెర్బు మాత్రమే ఎన్నిక కావాలి కాబట్టి ఆయనా పోటీ చేయకూడదు. 2016లో ఆయనా గెలిచాడు.

సరయేవో యూదుల పూర్వీకులు 1492లో స్పెయిన్ వెళ్ళగొట్టిన తర్వాత తూర్పుకి వచ్చినవాళ్ళు. 16వ శతాబ్దం నుంచీ అక్కడే ఉన్నారు. ఐదువందల ఏళ్ళు ఉన్నా, ఆ పసుపుపచ్చ త్రిభుజంలో వాళ్ళ మూల లేదు. స్పెయిన్ పేరు ఈ కథలో మళ్ళీ వస్తుందని ఎవరూ అనుకుని ఉండరు. వెస్టెన్‌డార్ప్ యూదులను వదిలేద్దామని వదిలేయలేదు. కాల్పులు ఆపినవాళ్ళకి కాల్చుకున్న మూడు పక్షాలే కనిపించాయి. తుపాకీ పట్టనివాళ్ళు ఒప్పందంలో కూడా పక్షం కాలేదు. ఎవరినీ నొప్పించకూడదంటే ముందు ఎవరు నొచ్చుకుంటారో జాబితా రాసుకోవాలి. ఆ జాబితా ఎప్పుడూ గట్టిగా అరవగలిగినవాళ్ళ పేర్లతోనే నిండుతుంది. నొప్పించకపోవడం అనే నీతి, నొప్పిని బయటకి చెప్పగలిగిన బలం ఉన్నవాళ్ళకే అందుతుంది.

తెలుగువాళ్ళకి ఈ లెక్కపెట్టే గొడవ కొత్త కాదు. 1921లో బెజవాడ కాంగ్రెసు సమావేశంలో పింగళి వెంకయ్య ఎరుపు, ఆకుపచ్చ రంగులతో జెండా గీసి గాంధీకి ఇచ్చాడు. ఎరుపు హిందువులకి, ఆకుపచ్చ ముస్లిములకి. మిగతావాళ్ళో? అందుకని గాంధీ తెలుపు చేర్చమన్నాడు. మిగతావాళ్ళందరికీ కలిపి ఒక పట్టీ! సిక్కులు ఊరుకోలేదు, మా రంగు ఏదని అడిగారు. ఒకసారి లెక్క మొదలుపెట్టాక, లెక్కలోకి రానివాడు వచ్చి తలుపు తట్టక మానడు. చివరికి 1931లో పట్టాభి సీతారామయ్య కన్వీనరుగా ఏడుగురితో ఒక కమిటీ వేశారు. ఆ కమిటీ జెండా మొత్తం కాషాయరంగులో ఉండాలంది. దాన్ని కాంగ్రెసు ఒప్పుకోలేదు. కాషాయం, తెలుపు, ఆకుపచ్చ ఉంచి, ఈ రంగులకి మతాలతో సంబంధం లేదు, ధైర్యానికీ శాంతికీ అలాంటి గుణాలకీ సంకేతాలు అని తీర్మానించింది. మనం బడిలో బట్టీపట్టిన అర్థాలు ఈ గొడవలోంచి పుట్టినవే. ఆ తీర్మానంతో జనం పాత అర్థాన్ని పూర్తిగా మర్చిపోయారని నేను చెప్పను. పిల్లలకి ఇప్పటికీ ఇళ్ళల్లో పాత లెక్కే చెప్పేవాళ్ళున్నారు. కానీ అధికారికంగా లెక్క ఆపేయడం వల్ల, ఫలానావాడికి జెండాలో చోటు లేదు అని ఎవరూ చట్టం చూపించి చెప్పలేరు. బోస్నియాలో చూపించి చెప్పొచ్చు.

సైప్రస్‌ని కూడా చూడాలి, ఎందుకంటే అది లెక్క పెట్టలేదు. 1960లో స్వతంత్రమైనప్పుడు, జెండా రూపంలోనూ రంగులోనూ తటస్థంగా ఉండాలని దాని రాజ్యాంగంలోనే రాశారు. గ్రీసు నీలం, టర్కీ ఎరుపు రెండూ వదిలేశారు. తెల్లగుడ్డ మీద రాగిరంగులో ద్వీపం పటం, కింద రెండు ఆలివ్ కొమ్మలు. గీసినవాడు ఇస్మెత్ గ్యునేయ్ అనే టర్కిష్ సైప్రియట్ డ్రాయింగ్ మాస్టారు. నాకు ఈ జెండా ఇష్టం. కానీ అదే రాజ్యాంగం, పౌరులు తమ ఇళ్ళ మీద గ్రీసు జెండా గానీ టర్కీ జెండా గానీ అడ్డులేకుండా ఎగరేసుకోవచ్చని కూడా చెప్పింది. అందరూ అదే చేశారు. 1974 నుంచి ద్వీపం రెండు ముక్కలుగా ఉంది. టర్కిష్ సైప్రియట్ గీసిన జెండా ఇప్పుడు గ్రీకు సైప్రియట్ల వైపే ఎగురుతోంది. ఉత్తరాన పెంటాడాక్టిలోస్ కొండవాలు మీద, దక్షిణాన ఉన్నవాళ్ళకి కనిపించేలా, ఉత్తరం వాళ్ళ జెండాని బ్రహ్మాండంగా రంగులతో వేశారు. 2004లో రెండు ముక్కల్నీ కలపడానికి ఐక్యరాజ్యసమితి వేసిన పథకంలో ఇంకో కొత్త జెండా ఉంది. ఈసారి గ్రీసు నీలమూ టర్కీ ఎరుపూ రెండూ పెట్టి, మధ్యలో రాగిపసుపు పెట్టారు. టర్కిష్ సైప్రియట్లు పథకానికి అవునన్నారు, గ్రీకు సైప్రియట్లు నాలుగింట మూడువంతులమంది వద్దన్నారు. ఆ జెండా ఏ స్తంభమూ ఎక్కకుండానే పోయింది. కాబట్టి లెక్క పెట్టకపోతే చాలు, అంతా బాగుపడుతుంది అని నేనడం లేదు. జెండా దేశాన్ని కలపలేదు. కలవడానికి ఇష్టపడేవాళ్ళకి అడ్డు రాకుండా ఉండగలదు, అంతవరకే దాని చేతిలో ఉంది.

బోస్నియాకి తిరిగి వస్తే, ఆ జెండాకి కూడా జ్ఞాపకాలు అంటుకోవడం మొదలైంది. 2013 అక్టోబరులో లిథువేనియాని ఓడించి బోస్నియా మొదటిసారి ఫుట్‌బాల్ ప్రపంచకప్‌కి వెళ్ళింది. 2014 జూన్‌లో మరకానా స్టేడియంలో అర్జెంటీనాతో ఆడింది, 2-1 తేడాతో ఓడిపోయింది. ఆ ఒక్క గోలు కొట్టిన వేదాద్ ఇబిషెవిచ్ చిన్నప్పుడు తూర్పు బోస్నియాలోని ఇల్లు వదిలి పారిపోయిన కుటుంబంవాడు. జట్టులో మూడు జాతులవాళ్ళూ ఉన్నారు. అభిమానుల మధ్య నీలం-పసుపు జెండాలూ ఉన్నాయి, తెల్ల లిల్లీ జెండాలూ ఉన్నాయి. వెస్టెన్‌డార్ప్ పెట్టినప్పుడు అది ఏ గుండెలోనూ లేదు. ఒక తరం దాన్ని చూస్తూ పెరిగి, దాని కింద ఒక గోలుకి అరిచింది, ఒక ఓటమికి ఏడ్చింది. అదే సమయంలో బాన్యా లూకాలో చాలామందికి తమ జట్టు అంటే ఇప్పటికీ సెర్బియా జట్టే. ఈ రెండూ నిజమే.

అలా జ్ఞాపకాలు చేరుతున్నకొద్దీ నాకు కొంచెం భయం కూడా. లిల్లీకి జరిగిందే త్రిభుజానికీ జరగొచ్చు. ఒక వైపువాళ్ళు దాన్ని ప్రేమించడం మొదలుపెట్టి, ఇంకో వైపువాళ్ళు దాన్ని చూసి మొహం తిప్పుకోవడం మొదలుపెడితే, అదీ ఒక పక్షపు జెండా అయిపోతుంది. ప్రేమ కూడా తటస్థతని పాడుచేయగలదు. అప్పుడు ఇంకొకరెవరో వచ్చి ఇంకొంచెం ఖాళీగా ఉన్న గుడ్డ ఇవ్వాలా? ఎన్నిసార్లు ఇస్తారు?

కొంతమంది ఆ త్రిభుజాన్ని మూడు జాతుల గుర్తుగా కాకుండా ఉత్త పటంగానే చూస్తారు. గీసినదానిలో రెండు అర్థాలకీ చోటుంది. పటంగా చూస్తే అందులో ఫిన్‌త్సీ ఇల్లు ఉంది, సేయ్‌దిచ్ ఇల్లు ఉంది, ఆ డాక్టరు ఊరు ఉంది. గుడ్డ మార్చక్కర్లేదు, 1931లో మన కాంగ్రెసు చేసినట్టు ఒక వాక్యం మారిస్తే చాలు. కానీ జెండా అర్థం మార్చడానికి ముందు రాజ్యాంగం మార్చాలి, దాన్ని మార్చాలంటే ఆ పార్లమెంటులో ఆ మూడు మూలలూ ఒప్పుకోవాలి. 2002లో బోస్నియా కౌన్సిల్ ఆఫ్ యూరప్‌లో సభ్యదేశంగా చేరింది. అప్పటి నుంచి స్ట్రాస్‌బర్గ్‌లో ఆ కౌన్సిల్ భవనం ముందు ఈ నీలం-పసుపు జెండా కూడా వరసలో ఎగురుతోంది. కోర్టు ఉండేదీ ఆ దగ్గర్లోనే. సేయ్‌దిచ్, ఫిన్‌త్సీ కేసులో తీర్పు ఇన్నేళ్ళయినా అమలు కాలేదు.